మీవారు పంపించారా?

పోయిన డిసెంబరులో మేం నలుగురు స్నేహితురాళ్ళం పిల్లల్నీ భర్తల్నీ ఇళ్ళల్లో వదిలేసి జమైకా వెళ్ళొచ్చాం. మూడు రాత్రులు. అట్లాంటాలో విమానం ఎక్కితే మూడు గంటల్లో మాంటెగో బే. తిరిగొచ్చాక గుళ్ళోనూ, పుట్టినరోజు పార్టీల్లోనూ, చివరికి ఇండియా నుంచి వచ్చిన ఫోన్లలోనూ నన్నడిగిన మొదటి ప్రశ్న సముద్రం ఎలా ఉందని కాదు. "మీవారు పంపించారా?" అని! దాని వెనకే "అదృష్టవంతురాలివి" అంటూ ఒక మెచ్చుకోలు. అది కూడా నాకు కాదు, ఆయనకి.

మావారు మంచివారే, కాదనను. కానీ రెండేళ్ళ క్రితం ఆయన స్నేహితులతో వారంరోజులు కొండలెక్కడానికి వెళ్ళొస్తే, "మీ ఆవిడ పంపించిందా?" అని ఒక్కరూ అడగలేదు. బి.ఏ. తెలుగు చదివిన పాపానికి నాకు క్రియాపదాలు గుచ్చుకుంటూ ఉంటాయి. మగవాళ్ళు 'వెళ్తారు'. మనల్ని 'పంపిస్తారు'.

సరే, ఆ మూడు రోజుల్లో నడిమి రోజు సంగతి చెప్తాను.

సెలవైనా సరే, ఐదింటికే మెలకువ వచ్చేసింది. లేచి దుప్పట్లు మడిచి, బాత్రూం గట్టు తుడిచి, చెత్తబుట్ట తలుపు దగ్గర పెట్టాను. గది శుభ్రం చేయడానికి వచ్చినావిడ అది చూసి నవ్వేసింది. మాటల్లో పెట్టి మీకు సెలవు ఎప్పుడని అడిగాను. మంగళవారం అంది. ఆ రోజు ఏం చేస్తారంటే, ఇంట్లో బట్టలుతుక్కుంటానంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ వెళ్ళాక ఆలోచించాను. సెలవు రోజున బట్టలుతికినా, ఆవిడకి వారంలో ఒక రోజుకి సెలవని పేరుంది. నాకు ఏ వారమో చెప్పమంటే చెప్పలేను.

పొద్దున్న టిఫిన్ల దగ్గర ఒక ఆకుకూర కనిపించింది. కాలలూ అంటారట. ఉల్లిపాయ, టమాటా, అక్కడి ఘాటు మిరపకాయ వేసి మగ్గించారు. నోట్లో పెట్టుకుంటే అచ్చం మన తోటకూర వేపుడు! విచారిస్తే జమైకాలో కాలలూ అంటే తోటకూరేనట. "ఇంత డబ్బు పోసి వచ్చి తోటకూర తింటున్నామా" అని మావాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం అమృతంలా ఉంది. బాగుచేయకుండా, నాలుగుసార్లు మట్టి పోయేదాకా కడక్కుండా, తరక్కుండా తిన్న తోటకూర అది.

తర్వాత సముద్రం. మాది బాపట్ల వైపు. మాకు సముద్రం అంటే సూర్యలంక. కార్తీకపౌర్ణమికి చుట్టాలందరం వెళ్ళేవాళ్ళం. ఆ అలలకి కాళ్ళు నిలిచేవి కావు. ఇక్కడ నీళ్ళు చెరువులా ఉన్నాయి, గోరువెచ్చగా, అడుగున ఇసుక కనపడుతూ. మావాళ్ళు ముగ్గురూ పరుగెత్తారు. నేను మాత్రం నాలుగు సంచులూ, నాలుగు జతల చెప్పులూ, ఫోన్లూ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు.

అలా కూర్చున్నాక అమ్మ గుర్తొచ్చింది. సూర్యలంకలో అమ్మ పాదాలు తడుపుకుని, తలమీద నాలుగు చుక్కలు చల్లుకుని, వెనక్కొచ్చి పులిహోర గిన్నె పక్కన కూర్చునేది. నాన్న, బాబాయిలు, మేము గంటలకొద్దీ నీళ్ళలో ఉండేవాళ్ళం. "నువ్వూ రామ్మా" అంటే "సామాను ఎవరు చూస్తారే" అనేది. అమ్మకి సముద్రం ఇష్టం లేదనుకున్నాను ఇన్నేళ్ళూ. నిజంగా ఇష్టమో కాదో ఎప్పుడూ అడగలేదు.

మాలో పెద్దావిడని అక్కా అని పిలుస్తాం. ఆవిడ నీళ్ళలోంచే కేకేసింది: "ఆ పాత చెప్పుల్ని ఎవడు ఎత్తుకుపోతాడే? రా!" ఫోన్లు సంచిలో వేసి లాకర్లో పెట్టి వెళ్ళాను. వెల్లకిలా తేలడం ఆవిడే నేర్పింది. చెవులు నీళ్ళలో మునిగితే లోకంలో ఏ పిలుపూ వినపడదు. బయటికొచ్చి చూస్తే మావారి ఫోన్లు మూడు. ఆయన అడగాలనుకున్నది, గాజుసీసాలో ఉన్నది కందిపప్పా, శనగపప్పా అని. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయనకి ఆ సందేహం రావడం అదే మొదటిసారి. నేను ఎత్తలేదు కాబట్టి శనగపప్పుతోనే పప్పు చేశారు. పిల్లలు తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం ఎర్రటి షర్బత్ ఇచ్చారు. సారెల్ అంటారు, క్రిస్మస్ రోజుల్లో ఇంటింటా చేస్తారట. మన ఎర్రగోంగూర జాతి మొక్కే. కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకల్ని అల్లంతో మరిగించి పంచదార కలుపుతారు. అది తాగుతుంటే మమ్మల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన వ్యాన్ డ్రైవరు చెప్పిన మాట గుర్తొచ్చింది. వాళ్ళ ముత్తవ్వ ఇండియా మనిషట. 1845 నుంచి 1917 దాకా సుమారు 36 వేలమందిని చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి జమైకాకి ఓడల్లో తెచ్చారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బిహార్ వైపు వాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. 'పంపించడం' అనే మాట వాళ్ళకి సరిపోతుంది. నెలలతరబడి ఓడలో వచ్చి, ఇదే సముద్రం పక్కన ఎండలో చెరకు తోటల్లో పనిచేశారు. నా డబ్బుతో, నా స్నేహితురాళ్ళతో, తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని వెళ్ళిన నాకు ఆ మాట ఎందుకు?

నా డబ్బు అన్నానని ఎవరైనా అడగొచ్చు, నువ్వు సంపాదించావా అని. ఇల్లు నడిపినదాన్ని. ఆ లెక్క నాకూ మావారికీ తెలుసు.

జమైకాయే వెళ్ళమని చెప్పడం లేదు. అందరికీ కుదరదు. ఊరి చెరువుగట్టు మీదైనా సరే, స్నేహితురాళ్ళతో ఒక రోజు గడపండి. కాకపోతే రెండు పనులు మానేయండి. ఫ్రిజ్ నిండా వండిపెట్టి వెళ్ళకండి. ఎవరైనా "పంపించారా" అంటే మొహమాటపడి తలూపకండి. "వెళ్ళాను" అనండి. నేను అనడం మొదలుపెట్టాను. మొదటిసారి కాస్త పొగరుగా వినిపించింది నాకే. నాలుగోసారికి అలవాటైంది.

వచ్చాక అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మకిప్పుడు డెబ్భై. "నీకు సముద్రం ఇష్టమేనా అమ్మా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు గానీ..." అంది.

వచ్చే కార్తీకానికి ఇండియా వెళ్తున్నాను. సూర్యలంకలో అక్క నేర్పినట్టు తేలడం కుదరదు, అలలు ఊరుకోవు. అమ్మ ఒడ్డునే నీళ్ళలో కూర్చుంటుంది, చెయ్యి పట్టుకోవడానికి తమ్ముడున్నాడు. చెప్పులూ, పులిహోర గిన్నె నేను చూసుకుంటాను.