ఎండ మండుతున్నా... బ్యాటరీ నిండదేం?

డాబా మీద ప్యానెల్ ఉంది. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా సరే, రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇన్వర్టర్ కుయ్యోమంటుంది. కాసేపటికి ఫ్యాను ఆగిపోతుంది, ఇల్లంతా చీకటి. బ్యాటరీతో సోలార్ పెట్టించుకున్న ఇళ్లలో తరచూ వినిపించే గోడు ఇది. వెంటనే అందరి చూపూ బ్యాటరీ మీదే పడుతుంది. 'దీని పని అయిపోయింది, మార్చేయండి' అనే సలహా కూడా సిద్ధంగా ఉంటుంది. వేలకు వేలు పోసి కొత్తది తెస్తారు. నెల తిరక్కుండానే కొత్తదీ అదే పాట పాడుతుంది!

బ్యాటరీని నీళ్ల తొట్టిలా ఊహించుకోండి. తొట్టి నిండలేదంటే దానికి చిల్లే ఉండాలని లేదు. కుళాయి సరిగా రాకపోవచ్చు. పైపు ఎక్కడో మూసుకుపోవచ్చు. లేదంటే, వచ్చే నీళ్లకన్నా తోడుకునేవే ఎక్కువ కావచ్చు. ఇవన్నీ చూశాకే తొట్టిని అనుమానించాలి. అందుకు కావలసింది కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు, కాస్త ఓపిక.

ఇక్కడ చెప్పే అంకెలు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి, 36 సెల్స్ ఉన్న ప్యానెల్‌కి వర్తిస్తాయి. లిథియం బ్యాటరీల లెక్క వేరు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టే ప్యానెల్స్ ఎక్కువగా నేరుగా కరెంటు లైనుకే కలుస్తాయి. వాటికి సాధారణంగా బ్యాటరీ ఉండదు కాబట్టి ఈ బాధా లేదు.

జమాఖర్చులు చూశారా?

తెలుగు రాష్ట్రాల్లో మంచి ఎండ కాసిన రోజున ప్యానెల్ పూర్తి సత్తాతో పనిచేసేది దాదాపు 4 నుంచి 5 గంటలతో సమానం. అంటే 100 వాట్ల ప్యానెల్ కాగితం మీద ఇచ్చేది 400 నుంచి 500 వాట్ అవర్లు. వేడికి, దుమ్ముకి, వైర్లకి, బ్యాటరీకి పోయే తరుగు తీసేస్తే చేతికొచ్చేది 300 దాకా. ఇక 70 వాట్ల పాతకాలం సీలింగ్ ఫ్యాను రాత్రి 8 గంటలు తిరిగితే ఖర్చు 560. ఆదాయం 300, ఖర్చు 560... ఏ సంసారమైనా ఎన్నాళ్లు నెగ్గుకొస్తుంది? 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే అదే ఖర్చు 240కి దిగుతుంది. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగం ఖాళీ అయితే ఈ ప్యానెల్‌తో నిండటానికి, ఏమీ వాడకపోయినా మూడు రోజులు పడుతుంది. చాలా ఇళ్లలో పరికరాలన్నీ బాగానే ఉంటాయి. లెక్కే తప్పుతుంది.

డాబా మీదకు వెళ్లండి

లెక్క సరిపోయిందా? ఇక ప్యానెల్ సంగతి చూడాలి. దుమ్ము, పిట్టల రెట్టలు పేరుకుంటే ఉదయం చల్లగా ఉన్నప్పుడే మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు.

అంతకన్నా పెద్ద శత్రువు నీడ. పెట్టించిన నాడు లేని కొబ్బరి మట్ట, పక్కింటి కొత్త వాటర్ ట్యాంకు, టీవీ డిష్... ఏదైనా సరే. ఒక మూల నీడ పడితే ఆ మూల మేరకే నష్టమనుకుంటారు. కానీ ఈ ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకే వరుసలో కలిసి ఉంటాయి. ఒక సెల్ మీద గట్టి నీడ పడినా, వెనకాల డబ్బాలో ఉండే బైపాస్ డయోడ్ సాధారణంగా సగం ప్యానెల్‌ని పక్కన పెట్టేస్తుంది. మిగిలిన సగం ఇచ్చేది 9 వోల్టుల వరకే. 12 వోల్టుల బ్యాటరీకి అదెలా ఎక్కుతుంది?

మధ్యాహ్నం ప్యానెల్ వైర్లు కంట్రోలర్ నుంచి తీసి మీటరుతో చూస్తే 19 నుంచి 22 వోల్టుల మధ్య చూపించాలి. నీడ లేకున్నా సగమే వస్తోందంటే డయోడ్ పాడైనట్టు. అసలేమీ రాకపోతే ఎక్కడో కనెక్షన్ ఊడినట్టు.

మధ్యవర్తి మాటేమిటి?

ప్యానెల్‌కి, బ్యాటరీకి నడుమ ఉండేది ఛార్జ్ కంట్రోలర్. చౌకగా దొరికే పీడబ్ల్యూఎం రకమైతే ఓ చిన్న కిటుకు ఉంది. సగం ఖాళీ అయిన బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు ప్యానెల్ వోల్టేజీ దిగివచ్చి బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా, 13-14 దగ్గర ఉంటుంది. అలాకాక ప్యానెల్ వైపు 20, బ్యాటరీ వైపు 12 దగ్గరే ఉండిపోతే కరెంటు పారడం లేదని అర్థం. ముందు ఫ్యూజు చూడాలి. అది బాగుంటే కంట్రోలర్‌ని అనుమానించాలి.

తర్వాత ఛార్జ్ అవుతుండగానే కంట్రోలర్ దగ్గర ఒకసారి, బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి కొలవండి. తేడా అర వోల్టు దాటిందంటే వైరు సన్నదైనా అయ్యుండాలి, టెర్మినల్ వదులైనా అయ్యుండాలి. తెల్లగా, పచ్చగా పట్టిన పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలాసార్లు రోగం కుదురుతుంది.

మే నెలలో ఎండ ఎక్కువ కాబట్టి ఛార్జింగూ ఎక్కువే అనుకోవడం పొరపాటు. ప్యానెల్ మీద రాసే అంకెలు సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటివి. నడివేసవిలో అది 65 దాకా పోతుంది. అప్పుడు పనిచేసే వోల్టేజీ 18 నుంచి 15-16కి జారుతుంది. బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 14.4 దాకా అందాలి. సన్నవైరు మరో వోల్టు మింగేస్తే ఇక మిగిలేదేముంది? అందుకే వైరు లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి. ప్యానెల్ కింద గాలి ఆడాలి.

చివరగా బ్యాటరీ

ఇప్పుడు తొట్టి వంతు. ముందు దాన్ని కరెంటుతోనైనా పూర్తిగా ఛార్జ్ చేసి, వైర్లు తీసి కొన్ని గంటలు వదిలేయండి. 12.6 వోల్టులు, ఆపైన నిలబడితే చాలావరకు నిర్దోషే. 10.5 దగ్గర ఆగిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి పోయినట్టే. హైడ్రోమీటరుతో చూసినా తెలుస్తుంది. అయిదు సెల్స్ ఒకలా ఉండి ఆరోది బాగా తక్కువ చూపిస్తే దొంగ దొరికినట్టే. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు, యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు.

ఈ పరీక్షలన్నీ తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే మాత్రం నష్టపోతారు. ఖాళీ బ్యాటరీ అలాగే వారాల తరబడి పడి ఉంటే లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా తిరిగి రాదు. పది రూపాయల ఫ్యూజు పోయిన సంగతి చూసుకోకపోతే, చివరికి పదిహేను వేల బ్యాటరీ నిజంగానే చచ్చిపోతుంది.

జాగ్రత్త సుమా!

పని మొదలెట్టే ముందు ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసేయాలి. రెండు టెర్మినల్స్ మధ్య స్పానర్ పడితే కళ్లు బైర్లు కమ్మే మంట లేస్తుంది. ఛార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు, గది కిటికీ తెరిచే ఉంచాలి. కంట్రోలర్ విప్పేటప్పుడు ముందు ప్యానెల్ వైర్లు తీయాలి, ఆ తర్వాత బ్యాటరీవి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. ప్యానెల్స్ నాలుగైదు వరసగా కలిపి ఉంటే మాత్రం చేయి పెట్టొద్దు. అక్కడ వోల్టేజీ వందల్లోకి పోతుంది, ఎండ ఉన్నంతసేపూ దాన్ని ఆపే స్విచ్చు ప్యానెల్‌కి ఉండదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి.

బ్యాటరీ దుకాణం ఎక్కడికీ పారిపోదు. ముందు ఓసారి డాబా మెట్లెక్కి చూడండి.