గ్రుడ్లు కావు, తల్లులు


మేము తరతరాలుగా బరంపురములో కాపురమున్న తెలుగువారము. ఋషికుల్యా నదీముఖమున ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్క గోతిలో నూరు గ్రుడ్ల వరకు పెట్టుట నేను చూచితిని. అన్నియు బ్రతికిన సముద్రము చాలదు! పీతలు, కాకులు, చేపలు తినగా వేయింటికి ఒకటి పెద్దదగునని శాస్త్రజ్ఞుల అంచనా. అది ప్రకృతి లెక్కలోని నష్టమే. ట్రాలరు వలలో ఊపిరాడక చచ్చునదో, పదేండ్లకు పైగా పెరిగిన తల్లి. ఆ లోటు గ్రుడ్లకు కంచె కట్టిన తీరదు. నవంబరు 1 మొదలు మే 31 వరకు ఇచ్చట 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధము. అయినను ఒడ్డున కళేబరములు కనబడుచునే యున్నవి. తాబేలు తప్పుకొనుటకు వలలో అమర్చు ద్వారము కలదు. కొంత చేప జారునని పడవలవారు సంకోచింతురు. అది న్యాయమే. ఆ నష్టమును ప్రభుత్వము భరించి, నవంబరుకు ముందే ద్వారములు పెట్టింపవలెనని కోరుచున్నాను.

— ఒక పాఠకుడు, బరంపురం