పాత ట్రాక్టరు బాగుచేసుకునే హక్కు మనది



పాత ట్రాక్టరు కొన్న రైతును చూసి షోరూం వాళ్లు నవ్వుతారు. "ఇంకా ఆ డొక్కు బండేనా?" అంటారు. సంతకం పెట్టేదాకా ఉన్న మర్యాద రెండు కిస్తీలు తప్పితే ఉండదు. వాన ఎగ్గొట్టినా, ధర పడిపోయినా కిస్తీ ఆగదు. ఫైనాన్స్ వాళ్లు బండి తోలుకుపోతే పోయేది ఇనుము ఒక్కటే కాదు, ఊళ్లో పరువు కూడా.

ఐదెకరాల రైతు ఆ ఉచ్చులో ఎందుకు పడాలి? మాస్సీ 1035, మహీంద్రా 575 లాంటి పాత బళ్లకు కంప్యూటరు అక్కర్లేదు. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి, డీజిల్ పంపు, నాజిళ్లు సరిచేయిస్తే మళ్లీ దుక్కి దున్నుతాయి. ఆ పనికి మండలంలోని మెకానిక్ చాలు. డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది.

పదేళ్లు దాటితే తుక్కే అని బ్రోకర్లు భయపెడతారు. అది అబద్ధం. వ్యవసాయ ట్రాక్టరుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు.

కొనేముందు మాత్రం జాగ్రత్త. ఆర్.సి.లో పేరు, ఇంజన్, ఛాసిస్ నంబర్లు సరిచూడండి. బ్యాంకు అప్పు తీరినట్లు కాగితం తీసుకోండి. చల్లగా ఉన్న ఇంజన్‌నే స్టార్ట్ చేయించండి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్లే. హైడ్రాలిక్‌తో బరువు ఎత్తించి, నిలబడుతుందో లేదో చూడండి.

ఇక ప్రభుత్వం సంగతి. 2017 నుంచి 2025 సెప్టెంబరు దాకా కొత్త ట్రాక్టరుపై జీఎస్టీ 12 శాతం, ట్రాక్టరు టైర్లపై, చాలా విడిభాగాలపై 18 శాతం! కొత్తది కొన్నవాడికంటే ఉన్నది బాగుచేసుకున్నవాడి మీదే ఎక్కువ పన్ను. ఎనిమిదేళ్ల తర్వాత రెండింటినీ 5 శాతానికి తెచ్చారు. ఆ తగ్గింపు షాపులో కనబడుతోందా? బిల్లు అడగండి.

2022లో కేంద్రం మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలనూ అందులో చేర్చింది. చట్టం మాత్రం తేలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లోనే రైతుల యంత్రాల కోసం ఆ చట్టం చేసింది. మనకెందుకు రాదు?

మన డిమాండ్లు మూడు. కంపెనీలు విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు ఏ మెకానిక్ అడిగినా ఇచ్చేలా చట్టం చేయాలి. పాత ట్రాక్టరు కొనడానికి, బాగుచేయడానికి సహకార సంఘాలు తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలి. రెన్యువల్ క్యాంపులు మండలంలోనే పెట్టాలి.

వచ్చే గ్రామ కమిటీ సమావేశంలో ఈ మూడింటిపై తీర్మానం చేయండి. కిస్తీలకు పంట ధారపోసే రోజులు పోవాలి.