సజ్జ మీద ఆటలు, కల్లం కాడ కొలువు

యాసంగి వడ్ల గురించి రాయమని చాలామంది మెసేజ్ పెట్టారు. రాస్తా. ఈరోజు వేరే ముచ్చట, కానీ అది కూడా చివరికి వడ్ల కుప్ప కాడికే వస్తది. జర ఓపికతో చదవండి.

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో మా అక్కోళ్ల పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చారు. స్కందగిరి గుడికి నడిచిపోయేంత దూరం. సామాను సర్దాలె రమ్మంటే ఏప్రిల్‌ల ఒక ఆదివారం పోయిన. సజ్జ మీద నుంచి ఒక్కొక్కటి దింపుతుంటే బయటపడ్డయి: క్యారమ్ బోర్డు, రెండు చెస్ సెట్లు, బిజినెస్ ఆట, స్క్రాబుల్, ఒకపక్క లూడో ఇంకోపక్క వైకుంఠపాళీ ఉన్న అట్ట. పిల్లల్లో ఒకడు డాలస్‌ల ఉన్నడు, ఒకామె బెంగళూరుల. బావ పోయి నాలుగేండ్లు. క్యారమ్ బోర్డు తిప్పి చూస్తే వెనక బావ చేతిరాతతో లెక్కలు, ఎండాకాలం సెలవుల్లో ఎవరెన్ని గేములు గెలిచారో.

పాత సామాన్లాయన అట్టపెట్టెలు తూకమేసుకున్నడు. బోర్డు చూసి “చెక్క మాకొద్దమ్మా” అన్నడు. అక్క నా దిక్కు చూసింది. “తమ్మీ, ఊరికి తీస్కపోరాదు? ఎవరన్న పిల్లలకు ఇయ్యి.”

నిజం చెప్తున్న, ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. అక్క మీద కోపం కాదు. పట్నంల పారేయబుద్ధి కానిదీ, వాడబుద్ధి కానిదీ అన్నిటికీ ఊరే అడ్రస్ అయింది. వరదలొస్తే చిరిగిన చీరలు పంపుతారు. ఇంట్ల మూలకు పడ్డ కంప్యూటర్ ఊరి బడికి పంపుతారు, అది ఆన్ అయితదో లేదో ఒక్కసారి నొక్కి చూడరు. తీసుకున్నోడు దండం పెట్టాలె, ఫొటో దిగాలె. ఇచ్చేముందు ఒక్క పూట కూసొని లెక్కపెడితే ఏం పోతది?

అందుకే ఆ రోజు అక్కను, నన్ను నేనే కింద చాప మీద కూసోబెట్టిన. క్యారమ్‌కు తెల్లవి 9, నల్లవి 9, ఎర్రది 1 ఉండాలె. ఎర్రది ఉంది, నల్లవి రెండు లేవు, స్ట్రైకర్ లేదు. ఒక చెస్ సెట్టు నిండుగ 32 ఉంది, రెండోదాంట్ల ఒక గుర్రం లేదు. స్క్రాబుల్‌కు 100 బిళ్లలు ఉండాలె, 86 దొరికినయి. లెక్కపెట్టేసరికి రాత్రి అయింది. మధ్యల అక్క రెండుసార్లు ఏడ్చింది, మూడుసార్లు నవ్వింది. అన్నీ కాగితం మీద రాసి పెట్టెలకు అంటించినం.

ఇంత పట్టింపు ఎందుకంటే నాకు ఇంతకుముందు ఒక దెబ్బ తగిలింది. ఇంకో చుట్టం ఇచ్చిన ఆటల పెట్టె ఒక బడికి అప్పజెప్పిన. బీరువాల పెట్టి తాళమేసిండ్రు. ఒక్క పావు పోయినా ఎవరన్న అడుగుతరని వాళ్ల భయం వాళ్లది, నేనేం తప్పు పట్టను. ఏడాదికి తీస్తే సగం చెదలు తిన్నది. ఆట వస్తువును భద్రంగ దాచుడు అంటే దాన్ని సంపుడే.

అసలు మనకు ‘పనికిరాని ఆట’ అనే బాధ ఎప్పుడుండె? అష్టా చెమ్మాకు బోర్డు అంటే అరుగు మీద సుద్దముక్కతో గీసిన గళ్లు. గవ్వలు లేకుంటే నాలుగు చింతగింజలు ఒకపక్క బండకు అరగదీస్తే అయిపాయె. పులి మేకకు గులకరాళ్లు. హంపి పోయినోళ్లు చూసే ఉంటరు, మండపాల బండల మీదనే గళ్లు చెక్కి ఉంటయి. శివరాత్రి జాగారం అయినంక తెల్లారి ఊడిస్తే ఆట మాయం, మళ్ల ఏడాది మళ్ల గీసుడే. ముక్క పోతే ఆటే పోయిందనుకునుడు పెట్టెతోటి వచ్చిన రోగం.

బిజినెస్ ఆట గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతా. దాని తల్లి మోనోపలీ, ఆ మోనోపలీకి మూలం ఎలిజబెత్ మాగీ అనే అమెరికా ఆమె 1904ల పేటెంట్ తీసుకున్న ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’. భూమి కొందరి చేతుల్ల పడితే కిరాయి కట్టేటోడు ఎట్ల మునుగుతడో చూపెట్టాలని చేసిందామె. 1935ల పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంట్‌ను 500 డాలర్లకు కొన్నది. తర్వాత ప్రపంచమంతా అందరినీ ముంచి గెలుసుడే ఆటగ నేర్చుకున్నది. మా ఊరి చుట్టూ వెంచర్ల రాళ్లు చూసినప్పుడల్లా నాకు ఆమె యాదికొస్తది.

సరే, ఆటో మాట్లాడుకొని జేబీఎస్‌కు, అక్కడ్నించి సిద్దిపేట బస్సుల. క్యారమ్ బోర్డు వెనక సీటు పక్కకు నిలబెట్టిన. కండక్టర్ టికెట్ అడగలే, స్ట్రైకర్ ఏదని అడిగిండు.

ఈసారి బడికి ఇయ్యలే. మే నెలల కొనుగోలు కేంద్రం కాడ నా వడ్లు తొమ్మిది రోజులున్నయి. తేమ 17 శాతానికి దిగాలె, సంచులు రావాలె, లారీ రావాలె. కుప్ప కాడ మనిషి కదలొద్దు. యాప చెట్టు కింద బోర్డు పెట్టిన. పోయిన నల్ల కాయిన్ల జాగల రెండు సీసా మూతలు, స్ట్రైకర్‌కు పాత బేరింగ్ రింగు. మొదటి రోజు ఒక పెద్దమనిషి “పత్తాలాట మొదలువెట్టిండ్రా?” అని గరమయిండు. మూడో రోజుకు ఆయనే వంతు కోసం కూసున్నడు. ఒక ముసలాయన బిజినెస్ అట్ట తిప్పి బొగ్గుతో పులి మేక గీసిండు, మూడు పులులు, పదిహేను మేకలు. పక్క కుప్ప అవ్వ మేకలు పట్టి నా పులులను నాలుగుసార్లు కట్టేసింది. పోరగాండ్లు ఫోన్లు బంద్ చేసిండ్రని నేను అబద్ధం చెప్పను. ఇద్దరు చేసిండ్రు, మిగతావాళ్లు చెయ్యలే. ఆ ఇద్దరిలో ఒకడు నిండుగ ఉన్న చెస్ సెట్టు ఇంటికి తీస్కపోయిండు. వరంగల్ పిలగాడు అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబర్‌ల 2800 రేటింగ్ దాటిండని వాడే నాకు చెప్పిండు.

కాబట్టి నా అభిప్రాయం, ఒప్పుకోకుంటే కింద తిట్టండి. ఆటలను పిల్లలున్న కాడ కాదు, మనుషులు ఎదురుచూసే కాడ పెట్టాలె. పద్మారావు నగరోళ్లకు ఊరు వెతుక్కునే పని కూడా లేదు. పక్కనే గాంధీ ఆసుపత్రి. లోపల పేషెంటు, బయట చెట్ల కింద రోజుల తరబడి మా ఊర్లోళ్లే. ఒక అట్ట, కొన్ని గింజలు పట్టుకొని పోయి మీరే వాళ్లతోని ఒక ఆట ఆడండి, వచ్చేటప్పుడు అక్కడనే వదిలేసి రండి. అంగన్‌వాడీకి మాత్రం వద్దు, మూడేండ్ల పిల్లలు పావులు మింగుతరు. ముక్కలు తక్కువైన స్క్రాబుల్ బిళ్లలు రెండో తరగతి పిల్లకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పడానికి బాగ పనికొస్తయి, మా ఇంట్ల అదే నడుస్తుంది.

ఏడో రోజు రాత్రి గాలివాన. టార్పాలిన్ లేస్తుంటే చేతికి ఏది దొరికితే అది మీద పెట్టినం, క్యారమ్ బోర్డు కూడా. తెల్లారి చూస్తే ప్లైవుడ్ ఉబ్బింది. వెనక బావ రాసిన లెక్కలు నీలం మరకయినయి. రెండు రోజులు చెప్పలేక అక్కకు ఫోన్ చేయలే. మూడో రోజు చేసిన, ఉన్నదున్నట్టు చెప్పిన. కొంచెం సేపు ఏం మాట్లాడలే.

“వడ్లు తడిసినయా?” అన్నది.

“లేదక్కా.”

“మరి బోర్డు ఎండకు పెట్టకు, వంగుతది. నీడకు ఆరబెట్టు, మీద బరువు పెట్టు. మీ బావ గట్లనే చేసేటోడు.”

ఇప్పుడు మోటర్ కొట్టంల రెండు యూరియా బస్తాల కింద ఉంది.