చుట్టుకొలత సూత్రం మంత్రం కాకూడదు

శాస్త్రీయ దృక్పథం అనగానే మన మిత్రులు బాబాలు, జ్యోతిష్యం, దెయ్యాల దగ్గరే ఆగిపోతుంటారు. నా ఉద్దేశంలో ఆ పని అయిదో తరగతి లెక్కల పుస్తకం దగ్గర, అందులోనూ చుట్టుకొలత పాఠం దగ్గర మొదలుకావాలి.

బహుభుజి చుట్టుకొలత అంటే దాని భుజాల పొడవుల మొత్తం. అంతకుమించి ఏమీ లేదు. కానీ పిల్లలకు ముందు అందేది 2(పొడవు + వెడల్పు) అనే సూత్రం. ఆ 2 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవారు తక్కువ. పుదుచ్చేరిలో మా వీధి పిల్లలకు అయిదు భుజాల స్థలం గీసిచ్చి, చుట్టూ కంచెకి ఎంత తీగ కావాలని అడిగాను. చాలామంది కంటికి కనబడిన రెండంకెలు కలిపి రెట్టింపు చేశారు. అర్థం తెలియకుండా వల్లించేదాన్ని మంత్రం అనే కదా అంటాం!

నిజానికి ఈ పట్టణమే మంచి ప్రయోగశాల. 1690లలో డచ్చివారి ఏలుబడిలో వేసిన ప్రణాళిక వల్ల పాత పట్టణంలో వీధులు చాలావరకు లంబకోణంలో కలుస్తాయి. భారతి పార్కు చుట్టూ పిల్లల్ని నడిపించి అడుగులు లెక్కపెట్టించండి. పటం మీద అన్నా సాలై, సుబ్బయ్య సాలై, గుబేర్ ఎవెన్యూ, పటేల్ సాలైల వెంట దారం పరిపించి కొలిపించండి. దీర్ఘచతురస్రం మూలలోంచి చిన్న దీర్ఘచతురస్రం కత్తిరిస్తే వైశాల్యం తగ్గుతుంది, చుట్టుకొలత మాత్రం మారదు. పిల్లలు నమ్మరు. నమ్మకూడదు కూడా, కొలిచి చూసుకోవాలి.

ఇలా నేర్చుకోనివారే పెద్దయ్యాక వాస్తు పండితుడికి దొరుకుతారు. తెలుగునాట 'ఆయం' కోసం ఇంటి వైశాల్యాన్ని 9తో గుణించి 8తో భాగించి శేషం చూస్తారు. మన పుదుచ్చేరిలో భాగమైన మాహె వైపు, అంటే కేరళ పద్ధతిలో, 'యోని' కోసం చుట్టుకొలతను 3తో గుణించి 8తో భాగిస్తారు. రెండింటిలోనూ బేసి శేషం శుభం, సరి శేషం అశుభం.

27 అడుగుల వెడల్పు, 33 అడుగుల పొడవు ఉన్న ఇల్లు తీసుకుందాం. వైశాల్యం 891. ఆయం లెక్కలో శేషం 3, అంటే సింహాయం, దివ్యంగా ఉంది. చుట్టుకొలత 120. యోని లెక్కలో శేషం సున్నా, పనికిరాదు. ఒకే ఇంటికి రెండు తీర్పులు! పైగా 8తో భాగించబోయే సంఖ్యను 9తో గుణించినా శేషం మారదు. 9 రెట్లంటే 8 రెట్లకు మరొక్క రెట్టు కలపడమే. ఆ గుణకారం ఉత్త హంగు.

కేరళలో అడుగులు కాదు, 'కోలు' కొలత వాడతారు, దాంతో శేషం వేరుగా రావచ్చు అంటారా? నేను అడిగేదీ అదే. కొలబద్ద మారితే తలరాత మారుతుందా? కంచెకి పట్టే తీగ మాత్రం ఏ కొలబద్దతో కొలిచినా అంతే.

2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకం 'గణిత ప్రకాశ్'లో చుట్టుకొలత, వైశాల్యాలకు ఒక అధ్యాయమే ఉంది. మంచిదే. అయితే పుస్తకం మారితే చాలదు. "ఎందుకు?" అని అడిగిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టేసే అలవాటు కూడా పోవాలి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం 1976 నుంచి మన రాజ్యాంగంలో పౌరుడి ప్రాథమిక విధి. టీచరుగారు కూడా పౌరుడే. ఆ విధి నెరవేర్చడానికి ఆయనకు ఒక దారం ఉండ, ఒక స్కేలు చాలు.