దెబ్బ తగిలాక చెప్పే నోబాల్

షార్ట్‌పిచ్ బౌలింగ్ నిబంధనను మార్చేది లేదని క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ తేల్చేసింది. బౌన్సర్ ఆటలో భాగమన్న వాదనను పెద్దల క్రికెట్ వరకు ఒప్పుకుంటాం. చిన్నప్పుడే ఎదుర్కోవడం నేర్వాలన్న మాటలోనూ నిజముంది. అందుకు నెట్స్‌లో టెన్నిస్ బంతి చాలు. ఒప్పుకోలేనిది ఒక్కటే: పిల్లల రక్షణకు ఉన్న నిబంధనే సరిపోతుందని, మిగతాది అంపైర్ చూసుకుంటాడని ఈ నిర్ణయాన్ని సమర్థించేవారు చెప్పడం.

షార్ట్‌పిచ్ బంతుల గురించి చెప్పే ఆ 41.6 నిబంధన కాగితం మీద బాగానే ఉంది. బ్యాటర్ నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలంటుంది, హెల్మెట్ ఉంది కదా అని ఊరుకోవద్దంటుంది. కానీ అది పనిచేసేదెప్పుడు? బంతి ప్రమాదకరంగా పడిందని తోచాక అంపైర్ నోబాల్ ఇచ్చి బౌలర్‌ను హెచ్చరిస్తాడు. మళ్లీ అదే జరిగితే అప్పుడు బౌలింగ్ మాన్పిస్తాడు. అంటే బౌలర్‌ను ఆపేలోపు పన్నెండేళ్ల పిల్లాడు రెండుసార్లు ఆ బంతికి ఎదురు నిలవాలి. మొదటిదే కణతకు తగిలితే? జట్టు ఖాతాలో ఒక పరుగు చేరుతుంది. దీన్ని రక్షణ అనడానికి నోరెలా వస్తోంది?

ఏదైనా అండర్-14 మ్యాచ్‌కు వెళ్లి చూడండి. మూతి మీద నూనూగు మీసం వచ్చిన కుర్రాడు మ్యాటింగ్ వికెట్ మీదికి దూసుకొస్తుంటాడు. అవతల ఇంకా గొంతు మారని పిల్లాడు. జట్టంతా పంచుకునే హెల్మెట్ తల మీద వదులుగా ఊగుతుంటే గ్లవ్‌తో పైకి తోసుకుంటుంటాడు. 156 గ్రాములకు తగ్గని తోలు బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తే వాడికి దొరికేది ముప్పావు సెకను కూడా కాదు. ఇద్దరిదీ ఒకే వయో విభాగం!

2014లో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్ మెడకు బౌన్సర్ తగిలింది. పాతికేళ్ల టెస్టు బ్యాటర్. తలకు హెల్మెట్ ఉంది, మైదానంలో అంపైర్లున్నారు. రెండు రోజులకే ప్రాణం పోయింది. అతణ్ని కాపాడలేని ఏర్పాటును నమ్మి పిల్లల్ని క్రీజులోకి పంపమంటున్నారు.

టోర్నీ నిబంధనలు రాసుకోవడానికి లార్డ్స్‌లోని ఎంసీసీ అనుమతి అక్కర్లేదు. హైదరాబాద్, ఆంధ్ర క్రికెట్ సంఘాలు అండర్-14లో భుజం ఎత్తు దాటే బౌన్సర్‌ను పూర్తిగా నిషేధించాలి. ఏది ప్రమాదకరమో తేల్చే భారం అంపైర్ అంచనాకు వదలకూడదు. తలకు సరిపోయే, మెడకు రక్షణ ఉన్న హెల్మెట్ లేకుండా ఎవరినీ బ్యాటింగ్‌కు పంపకూడదు. గీత ముందే గీసి ఉంటే, బౌండరీ అవతలి నుంచి ‘మీదికెయ్‌రా’ అని అరిచే కోచ్ నోరు బంతి పడకముందే మూతపడుతుంది.