సంకెళ్లు కాదు, చికిత్స కావాలి

పంజాబ్‌లో హెరాయిన్‌ని ‘చిట్టా’ అంటారు. చిట్టా అంటే తెలుపు. ఆ తెల్లపొడికి బలైపోయిన కుర్రాళ్ల వార్త పేపర్లో పడినప్పుడల్లా మన ఊళ్లలో ఒకటే మాట: “కొవ్వెక్కి తీసుకున్నారు, పోయారు.” ఈ మాట తప్పు. ఈ తప్పుడు మాటే ప్రాణాలు తీస్తోందని మేం అంటున్నాం.

ఎక్కడో పంజాబ్ గొడవ మనకెందుకు అంటారా? ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. నల్లమందు, హెరాయిన్, ఆ కోవకే చెందిన నొప్పిమాత్రల వల్ల దెబ్బతిని, సాయం అవసరమైనవాళ్లు దేశంలో సుమారు 77 లక్షల మంది అని తేల్చింది. అందులో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆ జాబితాలో పంజాబ్, ఉత్తరప్రదేశ్‌ల పక్కన ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది.

అసలు ఈ పీడ ఎక్కడిది? గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలే ఎండి నల్లమందు అవుతుంది. ఈస్టిండియా కంపెనీ బీహార్ రైతుల మెడలు వంచి దాన్ని పండించింది. ఆ సరుకు చైనాకు చేరింది. వద్దన్న చైనా మీద బ్రిటన్ రెండుసార్లు యుద్ధం చేసింది. నల్లమందు సారం నుంచి తయారైన హెరాయిన్‌ని 1898లో జర్మనీ బేయర్ కంపెనీ దగ్గుమందుగా అమ్మకానికి పెట్టింది. మొన్నమొన్నటి సంగతి చూడండి. కూలీలు అలుపు తెలియకుండా ఇంకో నాలుగు గంటలు వంగుతారని పంజాబ్ పొలాల్లో ఆసాములే నల్లమందు, గసగసాల పొట్టు చేతిలో పెట్టిన సంగతి పేపర్లకెక్కింది. మరి కొవ్వెక్కింది ఎవరికి?

ఇది ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకుందాం. నొప్పిని అణిచే పదార్థాలు మన ఒంట్లోనే కొన్ని తయారవుతాయి. మెదడులో అవి కూర్చోవాల్సిన చోట హెరాయిన్ పోయి కూర్చుంటుంది. కొన్నాళ్లకు మెదడు దానికే అలవాటు పడిపోతుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. ఆపితే పూట గడవకముందే ఒళ్లంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, చలి, చెమటలు. కంటికి కునుకుండదు. ఆ బాధ తప్పించుకోవడానికే మళ్లీ తీసుకుంటాడు, సుఖం కోసం కాదు. షుగరు రోగిని “గట్టిగా అనుకో, అదే తగ్గిపోద్ది” అంటామా? ఇదీ అంతే, రోగం.

మోతాదు మించితే ఊపిరి మందగించి ఆగిపోతుంది. సారాయో నిద్రమాత్రలో తోడైతే మరీ ప్రమాదం. పెదాలు నీలంగా మారినా, కనుపాప గుండుసూది మొనంత అయినా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆగిపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊదండి. ఏం తీసుకున్నాడో డాక్టరుకు దాచొద్దు. నలాక్సోన్ అనే మందు పడితే ఆగిపోతున్న ఊపిరి తిరిగి వస్తుంది.

ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడితే ఎయిడ్స్ వైరస్, కామెర్ల వైరస్‌లు అంటుకుంటాయి. 1990 ప్రాంతంలో మణిపూర్‌లో ఎయిడ్స్ వైరస్ కార్చిచ్చులా పాకింది ఈ సూదుల దారినే.

ఒక్క సంగతి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. కొన్నాళ్లు ఆపిన మనిషికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. జైలు నుంచో, చికిత్స లేకుండా కట్టిపడేసే చోటు నుంచో బయటికొచ్చిన తొలి రోజుల్లో పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోతుంది. “నాలుగు రోజులు లోపలేస్తే బుద్ధొస్తది” అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. బుద్ధి రాదు, చావొస్తుంది.

చట్టం ఏమంటోంది? 1985 మత్తుమందుల చట్టం కింద హెరాయిన్ తీసుకున్నా ఏడాది దాకా జైలే. కానీ అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. కొద్దిపాటి సరుకుతో దొరికిన బానిస తనంతట తాను సర్కారీ ఆసుపత్రిలోనో, సర్కారు గుర్తించిన చోటనో చికిత్సకు ఒప్పుకుంటే కేసు నుంచి మినహాయింపు ఉంటుంది. ఈ సంగతి కూలీ పిల్లోడికి చెప్పేదెవరు? పెద్దింటి అబ్బాయికి వకీలుంటాడు. మనోడికి జామీను నిలిచేవాడే దొరకడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు రోగులకూ వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం దాని ప్రకారం నిషేధం. అయినా గొలుసులేసి కొట్టే ప్రైవేటు కేంద్రాల వార్తలు వస్తూనే ఉన్నాయి.

చికిత్స లేదా? ఉంది. నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ఉంది. 2017 నుంచి పంజాబ్ సర్కారు దీనికోసమే క్లినిక్కులు తెరిచింది. “ఒక మత్తు మాన్పి ఇంకో మత్తా?” అని వెటకారం చేసేవాళ్లున్నారు. డాక్టరు చూపులో తీసుకునే ఈ మాత్ర ఆ ఒళ్లునొప్పుల బాధను ఆపుతుంది, సూదిని మాన్పిస్తుంది, చావులను తగ్గిస్తుంది. మనిషి మళ్లీ పనికి పోగలుగుతాడు. కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు వాడాలి. బీపీ మాత్ర వాడట్లేదా?

1992లో దూబగుంట అక్కచెల్లెళ్లు సారా కొట్టు మూయించారు. అది అమ్మేవాడి మీద పోరాటం. అలవాటుపడ్డోణ్ణి బతికించుకునే పోరాటం ఇంకా మిగిలే ఉంది. అందుకే మేం అడుగుతున్నాం: జిల్లా ఆసుపత్రిలో ఉచిత చికిత్స ఏది? ప్రతి 108 బండిలో నలాక్సోన్ ఉందా? జైలు నుంచి వదిలేటప్పుడు ప్రమాదం గురించి చెప్పి పంపుతున్నారా?

కార్యకర్తలారా, ఈ ప్రశ్నలు రాసుకుని ఆసుపత్రికి వెళ్లండి. జవాబు రాతలో అడగండి. అమ్మలారా, అయ్యలారా, ఇంట్లో ఇలాంటి పిల్లోడుంటే పరువు పోద్దని గది తలుపులేయకండి. 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పరువు పోతే తెచ్చుకోవచ్చు. పిల్లోడు పోతే రాడు.